చప్పట్టు ఒకటిగా మారే చోటు: డిజిటల్ ల్యాబుకు మైకు, బజర్ బోర్డు

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పాలిటెక్నిక్‌లలో, డిగ్రీ కాలేజీల్లో డిజిటల్ ల్యాబు అనగానే గుర్తొచ్చేది ట్రైనర్ కిట్టు. కింద వరుసగా స్విచ్‌లు, పైన వరుసగా ఎల్‌ఈడీలు, నడుమ ఐసీ బేస్‌లు. స్విచ్ లేపితే ఒకటి, దించితే సున్నా. ప్యాచ్ కార్డులతో 7400 గేటుకు కలిపి, ట్రూత్ టేబుల్ సరిచూసుకుని, రికార్డు రాసి సంతకం పెట్టించుకుంటే ప్రయోగం అయిపోయినట్టే. ఈ దారిలో గేట్లు వస్తాయి, ఫ్లిప్‌ఫ్లాప్‌లు వస్తాయి, కౌంటర్లూ వస్తాయి. ఆ ఒకటి, ఆ సున్నా అసలు ఎక్కడ పుడతాయన్నది మాత్రం తెలియకుండానే సెమిస్టర్ గడిచిపోతుంది.

ల్యాబు దాటి బయటికొస్తే ఎవరూ స్విచ్ లేపి ఒకటి ఇవ్వరు. ఊళ్లో బోరు దగ్గర పెట్టే ఆటో స్టార్టర్‌నే చూడండి. మూడు ఫేజుల్లోనూ వోల్టేజీ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. స్టార్టర్ మాత్రం మోటారు వేయాలా వద్దా అని రెండు ముక్కల్లో తేల్చాలి. ఎక్కుతూ దిగుతూ ఉండే దాని మీద ఎక్కడో ఒకచోట గీత గీసి, దీనికి పైన అయితే ఒకటి, కింద అయితే సున్నా అని నిర్ణయించాలి. డిజిటల్ ఎలక్ట్రానిక్స్ మొదలయ్యేది ఆ గీత దగ్గరే. మన సిలబస్ మాత్రం ఆ గీత దాటాక మొదలవుతుంది.

మైకు, బజర్ ఉన్న చిన్న బోర్డు ఈ లోటు తీర్చగలదు. ఒకవైపు నుంచి చప్పుడు లోపలికి వస్తుంది, మరోవైపు నుంచి చప్పుడు బయటికి పోతుంది, నడుమ ఉన్నదంతా పిల్లలు కట్టుకునే లాజిక్. కావాల్సిన సామాను మొత్తం హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరికేదే. కష్టం సామానులో లేదు. ఏ ఇబ్బందిని బోర్డే తీర్చేయాలి, దేన్ని పిల్లలకు వదలాలి అని తేల్చుకోవడంలో ఉంది. అన్నీ బోర్డే తీర్చేస్తే అది ఖరీదైన స్విచ్ అయి కూర్చుంటుంది. ఏదీ తీర్చకపోతే ఎందుకు పని చేయట్లేదో వెతకడానికే ల్యాబు గంటలన్నీ పోతాయి. నేను పెట్టుకున్న నియమం ఇది: గాలిలో నుంచి వచ్చే ఇబ్బంది పిల్లలది, రాగి గీతల్లో నుంచి వచ్చే ఇబ్బంది బోర్డు గీసినవాళ్లది.

మైకు నుంచి మొదలుపెడదాం

దుకాణంలో కండెన్సర్ మైకు అని అడిగితే చేతిలో పెట్టేది ఎలక్ట్రెట్ మైకు. చిటికెన వేలి గోరంత అల్యూమినియం డబ్బా, పైన నల్లటి గుడ్డ. లోపల ఒక పల్చటి పొర మీదో దాని వెనక పలక మీదో శాశ్వతంగా నిలిచే విద్యుదావేశం ఉంటుంది. చప్పుడుకు పొర కదిలితే కెపాసిటెన్స్ మారి, సన్నటి సంకేతం పుడుతుంది. బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ 1962లో ఈ పద్ధతిని కనిపెట్టారు. ఆ సంకేతాన్ని బయటికి తేవడానికి డబ్బాలోనే ఒక జేఫెట్ ట్రాన్సిస్టర్ ఉంటుంది. అందుకే ఈ మైకుకు కరెంటు ఇవ్వక తప్పదు.

మైకును వెనక్కి తిప్పి చూస్తే రెండు టంకం చుక్కలు కనిపిస్తాయి. ఒకదాని నుంచి సన్నని గీతలు అంచు దాకా పోయి బయటి డబ్బాను తాకుతాయి. అది గ్రౌండ్. మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో పెట్టి డబ్బాకూ చుక్కకూ తాకిస్తే బీప్ వస్తుంది. బోర్డు మీద ఈ వైపును పెద్దగా, చెరిగిపోకుండా అచ్చు వేయాలి. తిప్పి పెట్టిన మైకు సరిగ్గా పని చేయదు, అలాగని పూర్తిగా చచ్చిపోయినట్టూ ఉండదు. అలాంటి తప్పు పట్టుకోవడం చాలా కష్టం.

ఇప్పుడు లెక్క. మామూలు మైకు సెన్సిటివిటీ మైనస్ 44 డెసిబెల్ అనుకుందాం. అంటే ఒక పాస్కల్ పీడనానికి 6.3 మిల్లీవోల్టులు. ఒక పాస్కల్ అంటే 94 డెసిబెళ్ల చప్పుడు. మీటరు దూరంలో మామూలుగా మాట్లాడే మాట 60 డెసిబెళ్ల దగ్గర ఉంటుంది, దానికి మైకు ఇచ్చేది 0.13 మిల్లీవోల్టు. దగ్గరగా కొట్టిన చప్పట్టు 100 డెసిబెళ్లకు చేరినా వచ్చేది 12 మిల్లీవోల్టులకు కాస్త పైన, అంతే. 5 వోల్టుల మీద నడిచే 74హెచ్‌సీ గేటు ఒకటి అని ఒప్పుకోవాలంటే 3.5 వోల్టులు కావాలి. చప్పట్టుకూ గేటుకూ నడుమ దాదాపు మూడు వందల రెట్ల తేడా.

బజారులో దొరికే కేవై-038 రకం సౌండ్ సెన్సర్ మాడ్యూల్ వాడినవాళ్లకు ఒక అనుభవం ఉండే ఉంటుంది. ప్రీసెట్‌ను, అంటే స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న వేరియబుల్ రెసిస్టర్‌ను, వెంట్రుకవాసి తిప్పితే ఎప్పుడూ వెలుగుతుంది, ఇంకో వెంట్రుకవాసి తిప్పితే అరిచినా పలకదు. దాని మీద యాంప్లిఫయర్ లేదు. మైకు తిన్నగా ఎల్‌ఎం393 కంపారేటర్‌కే, అంటే రెండు వోల్టేజీలను పోల్చి ఏది ఎక్కువో చెప్పే ఐసీకే పోతుంది. ఉన్న కొన్ని మిల్లీవోల్టుల్లోనే గీత గీయాలి కాబట్టి ఆ తిప్పలు. పాఠం చెప్పడానికి పెట్టుకునే బోర్డులో ముందు సంకేతాన్ని పెంచుకుని, ఆ తర్వాతే గీత గీయాలి.

పెంచడానికి ఎల్‌ఎం358 అనే ఆప్‌యాంప్ ఐసీ చాలు. గెయిన్, అంటే ఎన్ని రెట్లు పెంచాలన్నది, 100 పెట్టుకుంటే 12 మిల్లీవోల్టుల చప్పట్టు 1.2 వోల్టులు దాటుతుంది. ఈ ఐసీ గెయిన్, బ్యాండ్‌విడ్త్‌ల లబ్ధం సుమారు 1 మెగాహెర్ట్జ్ కాబట్టి గెయిన్ 100 దగ్గర 10 కిలోహెర్ట్జ్ దాకా పనికొస్తుంది. చప్పట్టుకు అది సరిపోతుంది. దగ్గరి దారి అనుకుని ఒకే దశలో గెయిన్ 1000 పెడితే 1 కిలోహెర్ట్జ్ దగ్గరే చతికిలబడుతుంది. గెయిన్ కోసం 1 కిలో ఓమ్, 100 కిలో ఓమ్ రెసిస్టర్లు పెట్టి, ఆ 1 కిలో ఓమ్‌కు వరుసలో 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిపితే 160 హెర్ట్జ్‌కు కింద ఉన్నవి అంతగా పెరగవు. మన ల్యాబుల్లో ఏడాదిలో తొమ్మిది నెలలు తలమీద ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. ఆ గుర్రుమనే శబ్దం, 50 హెర్ట్జ్ కరెంటు హమ్మింగు రెండూ ఇక్కడే బాగా తగ్గుతాయి.

చాలా సర్క్యూట్లలో ఒకరిని చూసి ఒకరు దింపుకునే పద్ధతి ఒకటి ఉంది: ఆప్‌యాంప్‌ను సరిగ్గా సగం వోల్టేజీ దగ్గర, అంటే 2.5 వోల్టుల దగ్గర నిలబెట్టడం. ఎల్‌ఎం358 కింద సున్నాకు దగ్గరగా పోగలదు గానీ, పైన సప్లై కంటే వోల్టున్నర కిందే ఆగిపోతుంది. 5 వోల్టులిస్తే 3.5 దగ్గరే దాని తల తగులుతుంది. 2.5 దగ్గర నిలబెడితే పైకి మిగిలేది ఒక్క వోల్టే. సున్నాకూ 3.5కూ నడిమధ్య 1.75. పైన 100 కిలో ఓమ్, కింద 56 కిలో ఓమ్ పెడితే 1.79 వోల్టులు వస్తుంది, రెండు వైపులా సమానంగా చోటు దొరుకుతుంది. డేటాషీట్‌లో ఒక్క పంక్తి చదివితే తేలే సంగతి ఇది. ఆ పంక్తిని పిల్లల చేత చదివించడానికి ఇంతకంటే మంచి సందర్భం రాదు.

రెండు గీతలు, రెండు జవాబులు

ఎల్‌ఎం393లో రెండు కంపారేటర్లు ఉంటాయి. చాలామంది ఒకటి వాడి రెండోది వదిలేస్తారు. ఈ బోర్డులో రెండూ వాడాలన్నది నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే పాఠంలో సగం ఆ రెండింటి తేడాలోనే ఉంది.

మొదటి కంపారేటర్‌కు యాంప్లిఫయర్ నుంచి వచ్చే అలను ఉన్నదున్నట్టు ఇవ్వాలి. చప్పట్టు మన చెవికి ఒక్క దెబ్బే. అలను తెర మీద గీసి చూపే సీఆర్‌ఓలో చూస్తే పది ఇరవై మిల్లీసెకన్ల పాటు పైకీ కిందికీ కొట్టుకునే అలల గుంపు, దాని వెనక గోడల నుంచి తిరిగొచ్చే మోత. గీతను దాటిన ప్రతిసారీ కంపారేటర్ ఒక పల్స్ ఇస్తుంది. దాన్ని 7490 కౌంటర్‌కు క్లాక్‌గా ఇచ్చి ఒక్క చప్పట్టు కొట్టమంటే, డిస్‌ప్లే మీద 1 వస్తుందని అందరూ ఎదురుచూస్తారు. 7 వస్తుంది, ఇంకోసారి 4, మరోసారి 9. కౌంటర్ పాడైందంటారు, ఐసీ మారుస్తారు, ప్యాచ్ కార్డు మారుస్తారు. కౌంటర్ తప్పేమీ లేదు, అది ఉన్నదే లెక్కపెట్టింది. ఇరవై ముప్ఫై పల్సులొస్తే పదుల స్థానం పోయి ఒకట్లు మాత్రమే మిగులుతాయి. చెవి ఒకటని చెప్పినదాన్ని సర్క్యూట్ ఎందుకు ఒప్పుకోలేదన్న చర్చ అక్కడ మొదలవ్వాలి.

రెండో కంపారేటర్‌కు ముందు 1ఎన్4148 డయోడ్, 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 100 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టాలి. అల పైకి లేచినప్పుడల్లా కెపాసిటర్ నిండుతుంది, అల దిగినా అది మెల్లగానే ఖాళీ అవుతుంది. పదుల కొద్దీ కొట్టుకోవడాల మీద ముసుగు వేసినట్టు ఒకే మిట్ట మిగులుతుంది. ఈ మిట్ట మామూలప్పుడు 1.3 వోల్టుల దగ్గర పడి ఉంటుంది, చప్పట్టుకు 2.5 దాటుతుంది. ప్రీసెట్‌కు పైన 22 కిలో ఓమ్, కింద 10 కిలో ఓమ్ చేర్చి, ప్రీసెట్ కూడా 10 కిలో ఓమ్‌ది పెడితే గీత 1.2 నుంచి 2.4 వోల్టుల మధ్యే తిరుగుతుంది. అట్టడుగు చివర తప్ప స్క్రూడ్రైవర్ ఎటు తిప్పినా పనికొచ్చే చోటే ఉంటుందన్నమాట.

మిట్ట దిగేటప్పుడు నెమ్మదిగా దిగుతుంది కాబట్టి గీత దగ్గర కాసేపు తచ్చాడుతుంది. అక్కడ చిన్న నలుసు చాలు, అవుట్‌పుట్ టకటకా కొట్టుకోవడానికి. అందుకే ఎక్కేటప్పుడు ఒక గీత, దిగేటప్పుడు కాస్త కిందుగా ఇంకో గీత. సంకేతాన్ని 10 కిలో ఓమ్ గుండా ఇచ్చి, అవుట్‌పుట్ నుంచి 1 మెగా ఓమ్ వెనక్కి కలిపితే రెండు గీతల మధ్య 50 మిల్లీవోల్టుల ఎడం వస్తుంది. ష్మిట్ ట్రిగర్ అని పుస్తకంలో చదివేది ఇదే. ఓటో ష్మిట్ 1934లో, తాను ఇంకా విద్యార్థిగా ఉండగా, స్క్విడ్ అనే సముద్రజీవి నరాల్లో సంకేతాలు ఎలా పోతాయో పరిశీలిస్తూ ఈ ఆలోచనకు వచ్చాడు.

ఎల్‌ఎం393 అవుట్‌పుట్ ఓపెన్ కలెక్టర్. అంటే తనంతట తాను కిందికి లాగగలదు గానీ పైకి తోయలేదు. పైకి లాగే 4.7 కిలో ఓమ్ రెసిస్టర్‌ను బోర్డు మీది 5 వోల్టులకు కట్టేయకుండా, బయటి నుంచి వచ్చే లాజిక్ వోల్టేజీ పిన్నుకు కట్టాలి. ట్రైనర్ కిట్టుకు కలిపితే 5 వోల్టులు, ఎఫ్‌పీజీఏకు (లోపలి లాజిక్‌ను మనమే రాసుకోగల చిప్పుకు) గానీ రాస్ప్‌బెర్రీ పై పికో అనే మైక్రోకంట్రోలర్ బోర్డుకు గానీ కలిపితే 3.3 వోల్టులు. ఒక్క రెసిస్టర్ చివర మార్చినందుకు ఖరీదైన బోర్డు కాలిపోకుండా ఉంటుంది.

ఇంత తతంగం ఎందుకు, ఐఎన్‌ఎంపీ441 లాంటి డిజిటల్ మైకు పెడితే నేరుగా 24 బిట్ల అంకెలే వస్తాయి కదా అని అడగొచ్చు. నిజమే, ఏదైనా వస్తువు తయారు చేసేటప్పుడు నేనూ దాన్నే పెట్టమంటాను. పాఠం చెప్పేటప్పుడు వద్దంటాను. మనం చూపించాలనుకున్న గీత ఆ డబ్బా లోపలే దాగిపోతుంది. మన బోర్డు మీద ఆ దారి అంతా తెరిచి పెట్టాలి. మైకు దగ్గర, యాంప్లిఫయర్ దగ్గర, మిట్ట దగ్గర, గీత దగ్గర, రెండు అవుట్‌పుట్‌ల దగ్గర ప్రోబ్ కొక్కెం తగిలించడానికి వీలుగా పిన్నులు వదలాలి.

బజర్: చెవే సిమ్యులేటర్

బజర్లు రెండు రకాలు. యాక్టివ్ దాంట్లో ఆసిలేటర్ లోపలే ఉంటుంది, 5 వోల్టులిస్తే కూస్తుంది. పాసివ్ దానికి మనమే చదరపు అల ఇవ్వాలి. డిజిటల్ పాఠానికి పాసివ్‌దే కావాలి. యాక్టివ్ బజర్ చెవికి వినిపించే ఎల్‌ఈడీ మాత్రమే, దాంతో ఆన్, ఆఫ్ తప్ప నేర్చుకోవడానికి ఏమీ లేదు.

పాసివ్‌లోనూ అయస్కాంతపు చుట్ట ఉన్నవి, పీజో పలక ఉన్నవి వేరు. చుట్ట నిరోధం 16 ఓమ్‌లే ఉన్న రకం తీసుకుంటే, ప్రోగ్రాంలో పొరపాటున పిన్ను ఒకటి దగ్గరే నిలిచిపోయినప్పుడు 0.3 యాంపియర్ పారుతుంది. బీసీ547 ట్రాన్సిస్టర్ తట్టుకునేది 0.1 యాంపియరే. నేర్చుకునేవాళ్ల చేతిలో పిన్ను ఒకటి దగ్గర నిలిచిపోవడం వింతేమీ కాదు, రోజూ జరిగేదే. పీజోకు ఆ భయం లేదు. అది కెపాసిటర్ లాంటిది, నిలకడ వోల్టేజీ ఇస్తే కరెంటు తీసుకోదు. 1880లో జాక్, పియర్ క్యూరీ సోదరులు స్ఫటికాల్లో గుర్తించిన పీజో గుణం దీనికి ఆధారం. దాన్ని ఖాళీ చేయడానికి పక్కన 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఉంటే సరి. పీజోతో వచ్చే నష్టం కూడా చెప్పుకోవాలి. అది గట్టిగా పలికేది 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ దగ్గరే, కింది స్వరాలు పల్చగా వినిపిస్తాయి. బోర్డు బతికి ఉండడం ముఖ్యం కాబట్టి నేను పీజోనే ఎంచుకుంటాను.

లాజిక్ పిన్నుకూ బీసీ547 బేస్‌కూ నడుమ 1 కిలో ఓమ్. 3.3 వోల్టుల పిన్ను నుంచి కూడా 2.6 మిల్లీయాంపులు వస్తుంది, 30 మిల్లీయాంపుల బజర్‌ను నడపడానికి అది చాలు. రేపెవరైనా అదే రంధ్రాల్లో చుట్ట ఉన్న బజర్ పెట్టినా, కరెంటు ఆగినప్పుడు చుట్ట ఎదురుకొట్టే వోల్టేజీకి ట్రాన్సిస్టర్ దెబ్బ తినకుండా ఒక డయోడ్ అడ్డంగా ఉండాలి.

ఇక స్వరాలు. ఎఫ్‌పీజీఏ లేని ల్యాబులో 555 టైమర్ ఐసీతో 4 కిలోహెర్ట్జ్ తయారు చేసి ఒక డీ ఫ్లిప్‌ఫ్లాప్ గుండా పంపితే 2 కిలోహెర్ట్జ్, ఇంకోదాని గుండా పంపితే 1 కిలోహెర్ట్జ్. ఒక్కో ఫ్లిప్‌ఫ్లాప్‌కు స్వరం ఒక్కో స్థాయి కిందికి దిగుతుంది. రెండుతో భాగించడం అనే మాటను పిల్లలు చెవితో వింటారు.

ఎఫ్‌పీజీఏ ఉంటే పాఠం ఇంకా లోతుకు పోతుంది. 50 మెగాహెర్ట్జ్ క్లాక్ నుంచి 440 హెర్ట్జ్ కావాలంటే ప్రతి 56,818 క్లాక్‌లకు ఒకసారి పిన్ను తిప్పాలి. 16 బిట్ల కౌంటర్‌లో 65,535 దాకా పడుతుంది కాబట్టి బాగానే మోగుతుంది. ఇప్పుడు 262 హెర్ట్జ్ అడగండి. కావాల్సిన అంకె 95,420. అది 16 బిట్లలో పట్టదు. పై బిట్టు రాలిపోయి 29,884 మిగులుతుంది. 262 మోగాల్సిన చోట 837 హెర్ట్జ్ కీచుమంటుంది. కిందికి దిగాల్సిన స్వరం పైకెక్కిందని సంగీతం రానివాళ్లకు కూడా తెలిసిపోతుంది. ఓవర్‌ఫ్లో అంటే ఏమిటో నిర్వచనం కంఠస్థం చేసినవాళ్లు కూడా దాన్ని ఇలా విన్నాక ఎందుకు జరిగిందో వెతికి, కౌంటర్‌ను 17 బిట్లు చేస్తారు.

బజర్‌ను మైకు విన్నప్పుడు

చప్పట్టు కొడితే బజర్ మోగాలి. ఈ చిన్న పని కోసం వైరు కలపగానే బజర్ మొదలై, ఇక ఆగదు. బజర్ చప్పుడును మైకు వింటుంది, దాన్నీ చప్పట్టే అనుకుంటుంది, బజర్ మళ్లీ మోగుతుంది. చిన్న బజర్లు కూడా పది సెంటీమీటర్ల దూరంలో 85 డెసిబెళ్ల దాకా ఇస్తాయి. ఒకే బోర్డు మీద పక్కపక్కన ఉన్నాక మైకు వినకుండా ఎట్లుంటుంది?

దీన్ని బోర్డులోనే ఆపేయడానికి దారులున్నాయి గానీ, ఆపొద్దు. ఇది గాలిలో నుంచి వచ్చిన ఇబ్బంది, పిల్లలది. మూడు దశల స్టేట్ మెషీన్ రాయమనాలి: వింటున్నాను, మోగుతున్నాను, మోత సద్దుమణిగే దాకా ఆగుతున్నాను. కరెంటు రాగానే మోటారు వేయకుండా కాసేపు ఆగే ఆటో స్టార్టర్ చేసే పని లాంటిదే ఆ మూడో దశ. 100 మిల్లీసెకన్లు ఆగాలంటే 50 మెగాహెర్ట్జ్ దగ్గర 50 లక్షల క్లాక్‌లు లెక్కపెట్టాలి, దానికి 23 బిట్లు కావాలి. బోర్డు మీద ఒక కెపాసిటర్, ఒక రెసిస్టర్ చేసిన పనికి లాజిక్‌లో ఇరవై మూడు ఫ్లిప్‌ఫ్లాప్‌లు పట్టాయన్న పోలిక అక్కడే వస్తుంది. చప్పట్టు మన క్లాక్‌ను చూసి రాదు కాబట్టి, మైకు సంకేతాన్ని లోపలికి తీసుకునే ముందు వరుసగా రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల గుండా పంపాలన్న పాఠం కూడా ఇక్కడే చెప్పాలి. సెటప్ టైమ్, హోల్డ్ టైమ్ (క్లాక్ అంచుకు ముందూ తర్వాతా సంకేతం కదలకుండా ఉండాల్సిన సమయాలు) అని వైవాలో అప్పజెప్పే మాటలకు పని దొరికేది ఈ చోటే.

రాగిలో నుంచి వచ్చే ఇబ్బంది వేరు. అర మిల్లీమీటరు వెడల్పు, 5 సెంటీమీటర్ల పొడవు ఉన్న గ్రౌండ్ గీత తీసుకోండి. మామూలు 35 మైక్రాన్ల రాగి మీద దాని నిరోధం సుమారు 48 మిల్లీ ఓమ్‌లు. బజర్ తాలూకు 30 మిల్లీయాంపులు ఆ గీతలో తిరిగొస్తే దాని మీద దాదాపు ఒకటిన్నర మిల్లీవోల్టు నిలుస్తుంది. మైకు కూడా అదే గీతను నమ్ముకుంటే, ఆ ఒకటిన్నర మిల్లీవోల్టు వంద రెట్లై 150 మిల్లీవోల్టులుగా కంపారేటర్ ముందుకొస్తుంది. సప్లై గీత సంగతీ అంతే. బజర్ లాగినప్పుడల్లా 5 వోల్టులు ఇరవై మిల్లీవోల్టులు కుంగినా, మైకుకు కరెంటిచ్చే రెసిస్టర్ గుండా అది చప్పట్టంత సంకేతమై లోపలికి దిగుతుంది. ఎంత చక్కని స్టేట్ మెషీన్ రాసినా పిల్లలకు ఇది కనపడదు. తమ కోడ్ తప్పనుకుని రాత్రంతా కూర్చుంటారు. అందుకే ఇది డిజైనర్ తీర్చాల్సిన బాకీ.

మైకు ఒక చివర, బజర్ మరో చివర, కరెంటు వచ్చే పిన్నులు బజర్ వైపు. బజర్ గ్రౌండ్ తిన్నగా ఆ పిన్నులకే పోవాలి, మైకు ముందు నుంచి పోకూడదు. మైకుకు కరెంటిచ్చే దారిలో 1 కిలో ఓమ్, 100 మైక్రోఫారడ్ వడపోత ఉండాలి. ప్రతి ఐసీ కాళ్ల దగ్గరే 100 నానోఫారడ్. కైక్యాడ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండు పొరల బోర్డు గీసి, కింది పొర మొత్తాన్ని గ్రౌండ్‌గా వదిలేస్తే పని తేలికవుతుంది. విడిభాగాలు కాళ్లున్నవే తీసుకుని, ఐసీలకు బేస్‌లు పెట్టాలి. బోర్డు పాడైతే బాగుచేసుకోవాల్సింది నల్లగొండలో, ఆ ల్యాబులోనే.

గాలిదా, రాగిదా అన్న అనుమానం వస్తే తేల్చుకోవడం సులువు. బజర్ తీసేసి, దాని చోట అంతే కరెంటు తీసుకునే రెసిస్టర్ పెట్టాలి. చప్పుడు లేకపోయినా కంపారేటర్ కదిలితే తప్పు బోర్డుది.

ఇలాంటివి రెండు బోర్డులుంటే ధ్వని వేగమే కొలవొచ్చు. మూడు మీటర్ల ఎడంతో రెండు మైకులు, వాటి వరుసలోనే కాస్త బయట నిలబడి చప్పట్టు. మొదటి బోర్డు కౌంటర్‌ను మొదలుపెడుతుంది, రెండోది ఆపుతుంది. చలికాలం పొద్దున 18 డిగ్రీల దగ్గర ధ్వని సెకనుకు 342 మీటర్లు పోతుంది, మన మే నెల 42 డిగ్రీల ఎండలో 357 మీటర్లు. మూడు మీటర్లకు తేడా 0.37 మిల్లీసెకను, 50 మెగాహెర్ట్జ్ క్లాక్‌కు దాదాపు 18,000 అంకెలు. దీనికి మిట్ట అవుట్‌పుట్ పనికిరాదు, అలను ఉన్నదున్నట్టు చూసే మొదటి కంపారేటర్‌నే వాడాలి, మొదటి అంచు పట్టుకుని మిగతావి వదిలేయాలి. దగ్గరి మైకుకు చప్పుడు గట్టిగా తగిలి గీత ముందే దాటుతుంది కాబట్టి రెండు ప్రీసెట్లనూ సరిచూసుకుని, చాలా చప్పట్ల సగటు తీసుకోవాలి.